నూరు కమాండ్లు వచ్చు, సర్వర్ మాత్రం లేవట్లేదు

డిస్క్ నిండిపోయిందని సర్వర్ మొరాయించింది. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ కొట్టి చూస్తే నిజమే, నూటికి నూరు శాతం. ఏ ఫైలు అంత జాగా తినేసిందో చూద్దామని ఫైళ్ల సైజులు కూడే డీయూ కొడితే లెక్క కుదరదు. 100 జీబీ డిస్క్‌లో కనబడే ఫైళ్లన్నీ కలిపినా 40 జీబీ దాటడం లేదు. మిగతా 60 ఎటు పోయినట్టు? లినక్స్ అడ్మిన్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో బాగా నలిగిన ప్రశ్న ఇది. డీఎఫ్, డీయూ తెలియని అభ్యర్థి దాదాపు ఉండడు. అయినా ఇక్కడే చాలామంది నీళ్లు నములుతారు.

జరిగిందేమిటంటే, ప్రోగ్రామ్ తన పనుల చిట్టా రాసుకునే ఒక పెద్ద లాగ్ ఫైలును ఎవరో ఆర్‌ఎం కొట్టి చెరిపేశారు. లినక్స్‌లో ఫైలు పేరు వేరు, ఫైలు వేరు. పేరు డైరెక్టరీలో ఉండే చీటీ లాంటిది. దాని మీద ఐనోడ్ నంబర్ ఉంటుంది. అసలు సరుకు డిస్క్‌లో ఎక్కడుందో ఆ ఐనోడ్‌కి తెలుసు. ఆర్‌ఎం చేసేది చీటీ చింపడం వరకే. ఆ ఫైలును తెరిచి పట్టుకున్న ప్రోగ్రామ్ ఇంకా నడుస్తూ ఉంటే, అది వదిలేదాకా కెర్నల్ (సిస్టమ్ మొత్తాన్నీ నడిపే మూల ప్రోగ్రామ్) ఆ జాగాను తిరిగి ఇవ్వదు. డీయూ డైరెక్టరీల్లో తిరుగుతూ చీటీలు పట్టుకుని లెక్కేస్తుంది, అందుకే దాని కంట పడదు. డీఎఫ్ నేరుగా ఫైల్‌సిస్టమ్‌నే అడుగుతుంది, అందుకే దానికి తెలుసు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ ప్లస్ ఎల్ వన్ అని కొడితే పేరు పోయినా ప్రాణం పోని ఫైళ్లన్నీ, వాటిని పట్టుకున్న ప్రాసెస్ నంబర్లతో సహా బయటపడతాయి. ఆ సర్వీసును రీస్టార్ట్ చేస్తే 60 జీబీ ఒక్క దెబ్బకి వెనక్కి వస్తుంది.

(కమాండ్లను ఇక్కడ మనం నోటితో పలికినట్టే రాస్తున్నాను. కీబోర్డు మీద ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఎల్‌ఎస్‌ఓఎఫ్‌కి ఇచ్చిన ఎల్ లాంటివి ఒకటీ అరా పెద్ద అక్షరాలు.)

ఐటీ ఉద్యోగం కోసం లినక్స్ మొదలుపెట్టేవాళ్లు తరచూ కమాండ్ల జాబితా ఒకటి పట్టుకుని బయల్దేరతారు. యాభై, నూరు, రెండొందలు. కమాండ్ మర్చిపోతే మాన్ పేజీ ఉంది, అది చెబుతుంది. ఎప్పుడు ఎవర్ని ఏమడగాలో మాత్రం ఏ మాన్ పేజీలోనూ ఉండదు. అడ్మిన్‌కి జీతం ఇచ్చేది ఆ రెండోదానికే. కాబట్టి ఏం నేర్చుకోవాలి, ఏ వరసలో నేర్చుకోవాలి అన్నది కమాండ్ల వైపు నుంచి కాక, సర్వర్లు ఎలా చెడతాయన్న వైపు నుంచి చూద్దాం.

డిస్ట్రో మీద వారాలు తగలేయకండి

నిక్కచ్చిగా మాట్లాడితే లినక్స్ అంటే కెర్నల్ ఒక్కటే. 1991 ఆగస్టులో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి, సరదాకి చేస్తున్న పని అని చెప్పుకుంటూ దాని సంగతి బయటపెట్టాడు. మనం టెర్మినల్‌లో వాడే ఎల్‌ఎస్, సీపీ, బాష్ లాంటి పనిముట్లలో ఎక్కువ భాగం 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు నుంచి వచ్చాయి. కెర్నల్, ఈ పనిముట్లు, సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించే ప్యాకేజీ మేనేజర్, ఇన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తామనే మాట, ఇవన్నీ కలిపి కట్టిన మూటే డిస్ట్రో.

మూటలు వందల్లో ఉన్నా ఉద్యోగాల దగ్గరికొచ్చేసరికి ప్రధానంగా రెండు కుటుంబాలే. డెబియన్, ఉబుంటు ఒక వైపు. రెడ్‌హ్యాట్, దాని చుట్టాలైన రాకీ, ఆల్మా, ఫెడోరా ఇంకో వైపు. మొదటి కుటుంబంలో ప్యాకేజీలకు ఏపీటీ, రెండోదాంట్లో డీఎన్‌ఎఫ్. కొన్ని కాన్ఫిగరేషన్ ఫైళ్లు ఉండే చోటు, ఫైర్‌వాల్ పనిముట్టు, అదనపు భద్రతా పొర మారతాయి. మిగతాదంతా దాదాపు ఒక్కటే. ఒకటి గట్టిగా పట్టుకుంటే రెండోది వారం రోజుల పని.

ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోకూడదనడానికి సెంటాస్ కథ చాలు. రెడ్‌హ్యాట్‌కి ఉచిత ప్రతిరూపంగా లెక్కలేనన్ని కంపెనీలు దాన్ని వాడేవి. సెంటాస్ 8కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయని అందరూ అనుకుంటుండగా, 2021 డిసెంబరు 31తో ఆపేస్తున్నామని 2020 డిసెంబరులో ప్రకటన వచ్చింది. రాకీ, ఆల్మా ఆ ఖాళీలోంచి పుట్టినవే. సర్వర్లను అప్పుడు రాకీకో ఆల్మాకో మార్చిన అడ్మిన్లకు పని పెరిగిందేమో గానీ, కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా లేకపోయింది.

పర్మిషన్లు: అందరికీ వచ్చనిపించేవి, ఎవరికీ పూర్తిగా రానివి

చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. యజమానికి, గ్రూపుకి, మిగతావాళ్లకి విడివిడిగా కలిపితే 644, 755. ఇంతవరకు ఏ పాఠంలోనైనా మొదటి రోజే చెబుతారు. నడపడం అనే ఆ ఒకటి, ఫైలు మీద ఉంటే ఒక అర్థం, డైరెక్టరీ మీద ఉంటే ఇంకో అర్థం అన్న సంగతి దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. డైరెక్టరీ విషయంలో అది గుమ్మం దాటే హక్కు. చదివే హక్కు ఉంటే లోపల ఏమేం పేర్లున్నాయో చూడొచ్చు. గుమ్మం దాటే హక్కు లేకపోతే వాటిలో ఒక్కటీ తెరవలేం.

ఒక వెబ్ పేజీ తీసుకుందాం. ఇండెక్స్ ఫైలును మీ హోమ్ డైరెక్టరీలో ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌కి దారి చూపించారు. బ్రౌజర్‌లో 403, అంటే అనుమతి లేదన్న ఎర్రర్, వస్తోంది. ఫైలు పర్మిషన్ చూస్తే 644, లోకంలో ఎవరైనా చదవొచ్చు. అయినా 403. ఎందుకంటే ఎన్‌జిన్‌ఎక్స్ నడిచేది మీ పేరు మీద కాదు, దానికంటూ ఒక యూజర్ ఉంటాడు. ఆ యూజర్ రూట్ (అన్నిటికన్నా పై డైరెక్టరీ) నుంచి ఫైలు దాకా ఒక్కో డైరెక్టరీ గుమ్మం దాటుకుంటూ రావాలి. మధ్యలో మీ హోమ్ డైరెక్టరీ 700. అంటే మీరు తప్ప ఎవరూ లోపలికి రాకూడదని మీరే తాళం వేసుకున్నారు. ఫైలు మీద ఎంతసేపు తడుముకున్నా లాభం లేదు. నేమ్‌ఐ మైనస్ ఎల్ అని కొట్టి పూర్తి దారి ఇస్తే, దారిలోని ఒక్కో మెట్టు, దాని యజమాని, పర్మిషన్ వరసగా చూపిస్తుంది. ఎక్కడ అడ్డుపడుతోందో ఒక్క చూపులో తెలుస్తుంది. ఇంత పనికొచ్చే కమాండ్‌ను కొత్తవాళ్లకి ఎవరూ ఎందుకు నేర్పరో నాకిప్పటికీ అంతుపట్టదు.

సరే, ఆ ఫోల్డర్‌ను /వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ కిందికి మార్చారు. రెడ్‌హ్యాట్ కుటుంబపు సర్వర్ అనుకోండి. దారంతా 755, ఫైలు 644. ఇంకా 403! ఇక్కడ కుర్చీలోంచి లేచి టీ తాగి రావడం మంచిది, ఎందుకంటే చేతులు అప్రయత్నంగా, అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే 777 కొట్టడానికి వెళ్తాయి. అడ్డుపడుతున్నది ఎస్‌ఈలినక్స్. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏలో పుట్టి కెర్నల్‌లో కలిసిన భద్రతా పొర అది. ఫైలు యజమాని ఎవరన్నది దానికి అనవసరం, ఫైలుకి అంటించిన లేబుల్ ఏమిటన్నదే చూస్తుంది. ఫైలును ఎంవీ కొట్టి జరిపితే పాత లేబుల్ వెంట వస్తుంది. సీపీ కొట్టి నకలు తీస్తే కొత్త చోటికి తగ్గ లేబుల్ పడుతుంది. మీరు ఎంవీ కొట్టారు. కాబట్టి ఫైలు వెబ్ ఫోల్డర్‌లో కూర్చున్నా 'నేను హోమ్ డైరెక్టరీ సరుకుని' అన్న చీటీ మెడలో వేసుకునే ఉంది. ఎల్‌ఎస్‌కి పెద్ద జెడ్ ఆప్షన్ ఇస్తే లేబుల్ కనబడుతుంది, రీస్టోర్‌కాన్ కొడితే సరిపోతుంది.

ఎస్‌ఈలినక్స్‌ను ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతిచోటా తగులుతారు. 777 కొట్టమనేవాళ్లూ అంతే. ఎలుక దూరిందని ఇంటి తలుపులు పీకించే రకం వైద్యం అది. ఇంటర్వ్యూలో ఆ మాట నోరుజారిందంటే ఆ తర్వాత అడిగే ప్రశ్నలు మర్యాదకి అడిగేవే.

లేపడం ఒకటి, లేచి ఉండేట్టు చేయడం ఇంకొకటి

ఇప్పుడు ప్రధాన డిస్ట్రోలన్నిటిలో సర్వీసుల పెత్తనం సిస్టమ్‌డీది. సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ అంటే సర్వీసు ఇప్పుడు లేస్తుంది. ఎనేబుల్ అంటే మెషీన్ రీబూట్ అయినప్పుడల్లా దానంతటదే లేస్తుంది. రెండూ వేర్వేరు పనులు. స్టార్ట్ కొట్టి, వెబ్‌సైట్ వచ్చిందని చూసుకుని, ఇంటికి వెళ్లిపోయిన అడ్మిన్ కథ మూడు నెలల తర్వాత కెర్నల్ అప్‌డేట్ కోసం రీబూట్ చేసిన రాత్రి బయటపడుతుంది. అప్పటికి ఆ సర్వర్‌లో ఏమేం చేతితో లేపారో ఎవరికీ గుర్తుండదు.

సర్వీసు లేవకపోతే స్టేటస్ చూడండి, తర్వాత జర్నల్‌సీటీఎల్ మైనస్ యూ ఇచ్చి ఆ సర్వీసు లాగ్ చదవండి. చదవండి అంటే నిజంగా చదవండి. కింది నుంచి పైకి వెళ్తూ, మొదటి ఎర్రర్ ఎక్కడ మొదలైందో పట్టుకోవాలి. ఆఖరున కనబడే ఎర్రర్ తరచూ మొదటిదాని పర్యవసానమే.

చేత్తో నడిపితే నడిచే స్క్రిప్ట్, వేళకి పనులు నడిపే క్రాన్‌లో పెడితే నడవకపోవడం ఇంకో నిత్య తలనొప్పి. మీరు లాగిన్ అయినప్పుడు మీ షెల్ బోలెడు సెట్టింగులు ఎక్కించుకుంటుంది. క్రాన్ అవేవీ చూడదు, దాని పాత్ (కమాండ్ల కోసం వెతికే డైరెక్టరీల జాబితా) చాలా పొట్టిది. స్క్రిప్ట్‌లోని కమాండ్ దానికి దొరకదు, ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు ప్రోగ్రామ్ ఇచ్చే నంబర్) 127తో ఆగిపోతుంది. ఆ నంబర్ల భాష కాస్త తెలిసుండాలి. 0 అంటే అంతా సవ్యం. 137 కనబడితే 128కి 9 కలిపారని అర్థం, అంటే ఎవరో 9వ నంబర్ సిగ్నల్ పంపి చంపేశారు. మెమరీ చాలక కెర్నలే ఆ పని చేసి ఉండొచ్చు.

మెమరీ అన్నాం కదా, ఒక్క మాట. ఫ్రీ కమాండ్‌లో 'ఫ్రీ' కింద చిన్న అంకె చూసి కంగారు పడకండి. ఖాళీ ర్యామ్‌ను కెర్నల్ ఊరికే ఉంచకుండా ఫైళ్లను దాచుకోవడానికి వాడుతుంది, అవసరమైతే వెంటనే వదిలేస్తుంది. చూడాల్సింది 'అవైలబుల్' గడి.

నెట్‌వర్క్ ఎర్రర్ కూడా ఒక జవాబే

అవతలి సర్వర్‌కి కనెక్ట్ కావడం లేదు. వచ్చిన ఎర్రర్ 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అయితే సగం శుభవార్త. మీ ప్యాకెట్ అక్కడిదాకా వెళ్లింది, ఆ పోర్టులో పలికేవాడు లేడని జవాబు కూడా వచ్చింది. సర్వీసు పడిపోయి ఉండాలి, లేదా వేరే పోర్టులోనో, కేవలం 127.0.0.1 మీదో వింటూ ఉండాలి. అంటే తన మెషీన్‌తో తనే మాట్లాడుకుంటోంది. ఎస్ఎస్ మైనస్ టీఎల్ఎన్‌పీ కొడితే ఎవరు ఏ అడ్రస్ మీద వింటున్నారో తెలుస్తుంది. అదే 'టైమ్డ్ అవుట్' అయితే ప్యాకెట్ దారిలో మాయమైంది. ఫైర్‌వాల్ మింగేసి ఉండొచ్చు, రూటింగ్ తప్పయి ఉండొచ్చు. మొదటిదానికి సర్వీసు వైపు, రెండోదానికి దారి వైపు చూడాలి. ఫైర్‌వాల్ రిజెక్ట్ చేసేలా పెట్టి ఉంటే మొదటి ఎర్రరే రావడం లాంటి మినహాయింపులు ఉన్నా, వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో ఆ రెండు మాటలే చెబుతాయి. ఇంకా పేరు దగ్గరే ఆగిపోతే, పేరును అడ్రస్‌గా మార్చే డీఎన్‌ఎస్ వైపు చూడాలి.

ఫైర్‌వాల్ గురించి చెప్పేటప్పుడు నా సొంత పరువు కొంచెం తీసుకోక తప్పదు. దూరాన ఉన్న సర్వర్‌లో 'అన్నీ ఆపు' అనే రూల్ ముందు పెట్టి, దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్‌కి 22వ పోర్టు తెరిచే రూల్ తర్వాత పెడదామనుకున్నాను. మొదటి లైన్‌కి ఎంటర్ కొట్టగానే స్క్రీన్ బిగుసుకుపోయింది. రెండో లైన్ కొట్టే చోటే లేదు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. అప్పటినుంచి రెండు అలవాట్లు. ఎస్‌ఎస్‌హెచ్ గానీ ఫైర్‌వాల్ గానీ ముట్టుకునే ముందు, అయిదు నిమిషాల తర్వాత పాత రూల్స్ తిరిగి పెట్టమని ఎట్ కమాండ్‌కి పురమాయిస్తాను. అంతా బాగుంటే దాన్ని రద్దు చేస్తాను. మార్పు చేశాక ఉన్న సెషన్ మూయకుండా రెండో కిటికీలోంచి లాగిన్ అయి చూస్తాను.

చెడగొట్టడానికి ఒక మెషీన్

సొంత కంప్యూటర్‌లో ఉత్తుత్తి మెషీన్ (వర్చువల్ మెషీన్) సృష్టించే వర్చువల్‌బాక్స్ లాంటిది పెట్టుకుని, గ్రాఫిక్ డెస్క్‌టాప్ లేని సర్వర్ ఒకటి ఎక్కించండి. 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్ చాలు. విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్, కమాండ్లు అలవాటు కావడానికి బాగుంటుంది గానీ, బూట్ కావడం, డిస్కులు, నెట్‌వర్క్ కార్డులు లాంటివి అసలు మెషీన్‌లోలాగా కనబడవు. మళ్లీ వెనక్కి రావడానికి మెషీన్ ఉన్న స్థితిని స్నాప్‌షాట్‌గా తీసుకోండి. ఇక కావాలనే చెడగొట్టండి.

మొదటి ప్రయోగంగా, బూట్ అయ్యేటప్పుడు తగిలించాల్సిన డిస్కుల జాబితా ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో లేని డిస్క్ ఒకటి రాసి రీబూట్ చేయండి. సిస్టమ్ ఆ డిస్క్ కోసం తొంభై సెకన్లు ఎదురుచూసి, విసిగి, ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగి రూట్ (అన్ని హక్కులూ ఉన్న యూజర్) పాస్‌వర్డ్ అడుగుతుంది. అక్కణ్ణుంచి దాన్ని తిరిగి లేపాలి. తర్వాత 'నోఫెయిల్' ఆప్షన్ పెట్టి మళ్లీ చేయండి, తేడా తెలుస్తుంది. ఇంకో రోజు చిన్న పార్టిషన్ ఒకటి చేసి లక్షల కొద్దీ ఖాళీ ఫైళ్లు సృష్టించండి. డీఎఫ్‌లో బోలెడు ఖాళీ కనబడుతూనే 'జాగా లేదు' అన్న ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే ఐనోడ్లు అయిపోయాయి. డీఎఫ్ మైనస్ ఐ ఆ సంగతి చెబుతుంది. ప్రతిసారీ ఏం కనబడింది, ఏం అనుకున్నాను, నిజానికి ఏమైంది అని మూడు ముక్కలు రాసిపెట్టుకోండి. ఆ నోట్సు చూసే ఇంటర్వ్యూకి వెళ్లొచ్చు.

సర్టిఫికెట్ల విషయానికొస్తే, అన్నీ ఒక తూకం కాదు. ఎల్‌పీఐసీ-1కి రెండు పరీక్షలు, ఒక్కోదాంట్లో 60 ప్రశ్నలు, జవాబు ఎంచుకోవడమో ఖాళీ పూరించడమో. రెడ్‌హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ, లినక్స్ ఫౌండేషన్ వాళ్ల ఎల్‌ఎఫ్‌సీఎస్ అలా కాదు. నడుస్తున్న సిస్టమ్ ముందు కూర్చోబెట్టి ఇది చెయ్యి, అది చెయ్యి అంటారు. ఆర్‌హెచ్‌సీఎస్‌ఏలో 300కి 210 రావాలి, చేసిన మార్పు రీబూట్ తర్వాత కూడా నిలవాలి. ఇందాకటి స్టార్ట్, ఎనేబుల్ తేడా అక్కడ మార్కులతో కొడుతుంది. నన్నడిగితే ఒక్కటే రాయగలిగితే చేసి చూపించే పరీక్షే రాయండి. సర్టిఫికెట్ ఇంటర్వ్యూ గది దాకా తీసుకెళ్తుంది, లోపల మళ్లీ 60 జీబీ ఎటు పోయిందనే అడుగుతారు.

క్లౌడ్ వచ్చాక ఇదంతా ఎందుకు?

క్లౌడ్‌లో అద్దెకిచ్చే మెషీన్లలో సింహభాగం లినక్స్‌వే. టాప్500 జాబితాలోని సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నవంబరు నుంచీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. 2013లో డాకర్ జనంలోకి తెచ్చిన కంటెయినర్ విడి మెషీన్ కాదు. నేమ్‌స్పేస్, సీగ్రూప్ అనే కెర్నల్ సదుపాయాలతో కంచె వేసిన మామూలు ప్రాసెస్. పర్మిషన్లు, సిగ్నళ్లు, పోర్టులు అర్థమైనవాడికి కంటెయినర్లను నడిపించే కుబర్నెటీస్‌లో 137 కనబడితే ఎక్కడ వెతకాలో తెలుసు. పునాది లేకుండా నేరుగా అక్కడికి దూకినవాడు పాడ్‌ను (అక్కడి కంటెయినర్ల మూట) చెరిపి మళ్లీ లేపుతూ ఉంటాడు. అన్సిబుల్ లాంటి ఆటోమేషన్ కూడా అంతే, ఒక సర్వర్‌లో చేతితో సరిగ్గా చేయగలిగిన పనినే వెయ్యి సర్వర్లలో చేస్తుంది. తప్పు చేసినా వెయ్యింటిలోనూ చేస్తుంది.

జాబితాల్లో చివరన ఎక్కడో పడుండే బ్యాకప్‌ను మాత్రం ముందుకు లాగాలి. 2017 జనవరి 31న కోడ్ దాచుకునే వెబ్ సేవ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు, రెండో డేటాబేస్ సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లోనే డేటా డైరెక్టరీని చెరిపేశాడు. తేరుకుని ఆపేసరికి సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. తీరా చూస్తే రోజువారీ బ్యాకప్ కొంతకాలంగా ఆడటమే లేదు. డేటాబేస్ వెర్షన్ 9.6 అయితే బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ 9.2. విఫలమైందని వెళ్లాల్సిన ఈమెయిళ్లు కూడా అవతల తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. యాదృచ్ఛికంగా ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు, ఆ ఆరు గంటల డేటా పోయింది. ఇదంతా వాళ్లే దాచకుండా ప్రకటించారు. మీ వర్చువల్ మెషీన్‌లో బ్యాకప్ స్క్రిప్ట్ రాయడం అర్ధగంట పని. దాంతో ఖాళీ మెషీన్‌లో సర్వర్‌ను తిరిగి నిలబెట్టడానికి ఎంతసేపు పడుతుందో ఓ ఆదివారం గడియారం పెట్టుకుని చూడండి.

ఇక ఆ ఇంటర్వ్యూ ప్రశ్నకి రెండో భాగం ఉంది. 'సర్వీసును రీస్టార్ట్ చేస్తాను' అని చెప్పగానే, 'చేయకూడదు, పగటిపూట వేలమంది వాడుతున్నారు' అంటారు. అప్పుడు ఎల్‌ఎస్‌ఓఎఫ్ ఇచ్చిన ప్రాసెస్ నంబర్, ఫైల్ డిస్క్రిప్టర్ నంబర్ (తెరిచిన ఫైలుకి ప్రాసెస్ దగ్గరుండే గుర్తు) తీసుకుని, /ప్రాక్ కింద ఆ ప్రాసెస్ పేర ఉన్న ఎఫ్‌డీ డైరెక్టరీలో ఆ నంబర్‌లోకి ఖాళీని మళ్లించాలి. చీటీ చిరిగినా ఆ కిటికీలోంచి ఫైలు ఇంకా అందుతుంది. దాని పొడవు సున్నా అవుతుంది, ప్రాసెస్ ఆగదు, డీఎఫ్ అంకె దిగుతుంది. అయితే అది లాగ్ అని ఖాయం చేసుకున్నాకే ఆ ఎంటర్ కొట్టాలి. డేటాబేస్ పట్టుకుని ఉన్న డేటా ఫైలైతే పోయింది 60 జీబీ జాగా కాదు, 60 జీబీ డేటా.